బాగున్నవాళ్ళ గుంపు

లాస్ ఆనిమాస్ పేటలో అబెలార్దో బర్రియెంతోస్‌ని ఎరగని వంటిల్లు లేదు. ఆ పేట ఉన్న వాల్దీవియా ఊళ్ళో వాన పట్టుకుందంటే వారాల తరబడి వదలదు. పొయ్యి ఆరిపోయిన ఇంట్లో గోడలకి కూడా చెమటలు పడతాయి. అందుకే చలికాలం ముంచుకొచ్చేసరికి జనం చర్చి ఫాదర్ కన్నా ముందు కట్టెలవాణ్ణి తలుచుకుంటారు. అబెలార్దో కట్టెలంటే బాగా ఎండినవి, పొగ రానివి. అక్కడ ఎండాకాలమైన జనవరి, ఫిబ్రవరిల్లో దుంగలు కోయించి, చీల్చి, రేకుల షెడ్డు కింద గాలాడేలా పేర్చి, వానలు దిగేదాకా ఒక్క పుల్ల కూడా అమ్మేవాడు కాదు. ఆ తర్వాత తన పాత నీలం ట్రక్కు వేసుకుని వీధుల్లోకి వచ్చేవాడు.

వచ్చాడంటే వీధి మొదట్లోనే తెలిసిపోయేది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు: "ఏమ్మా, ఎవరింట్లో పొయ్యి చల్లబడింది? ఎవరింట్లో మొగుడు చల్లబడ్డాడు? రెండింటికీ నా దగ్గర మందుంది!" ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి తిట్టేవారు, నవ్వేవారు, లోపలికి పిలిచి నూనెలో వేయించిన గుమ్మడికాయ రొట్టెలు, సొపాయిపియాలు, వేడివేడిగా చేతిలో పెట్టేవారు. గుమ్మం పట్టనంత మనిషి. యాభై దాటినా రెండు భుజాల మీదా కట్టెలమోపులు మోసేవాడు. ఆ మనిషి మొహం ముడుచుకుని ఉండగా చూశామని పేటలో ఒక్కరు కూడా చెప్పలేరు.

ఇంట్లో దిగులుమనిషి అంటే అతని భార్య ఒటీలియానే. నలభయ్యో పడిలో ఉండగా ఆమెకి ఒక చలికాలం ఉన్నట్టుండి కాలూ చెయ్యీ కదపడానికి ఓపిక లేకపోయింది. ఇంట్లో ఎవరూ పోలేదు, అప్పుల్లేవు, మొగుడు తాగుబోతూ కాదు. ఏ కారణమూ లేకుండా మంచం పట్టింది. "దానికేం తక్కువ?" అని చుట్టాలు మూతులు విరిచారు. పేట ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. మెల్లగా లేచింది, మళ్ళీ పొయ్యి ముట్టించింది, ఆపిల్ కేకులు చేసి నది ఒడ్డున చేపల బజారు పక్కన అమ్మడం మొదలుపెట్టింది. చిన్న మాత్ర ఒకటి మటుకు వాడుతూనే ఉండేది. ఆసుపత్రికి వెళ్ళాల్సినప్పుడల్లా అబెలార్దో ట్రక్కులో దింపి, వరండాలో బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే నర్సులతో వేళాకోళాలాడేవాడు.

"మా ఇంట్లో పనులు పంచేసుకున్నామమ్మా," అనేవాడు. "ఏడుపు డిపార్ట్‌మెంటు ఆవిడది, నవ్వు డిపార్ట్‌మెంటు నాది."

ఒటీలియా డాక్టరు గదిలోంచి వస్తూ ఆ మాట వినేది. కోటు బొత్తాలు పెట్టుకునేది.

ఒక జూన్ నెలలో, ఊరంతా వానలో నానుతున్నప్పుడు, యూనివర్సిటీ వాళ్ళు ఆ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నారు. మాగాలీ అనే ముప్పై ఏళ్ళ సైకాలజిస్టు అందరికీ ఓపికగా చెబుతోంది. దిగులు బాగా ముదిరి మంచం పట్టినవాళ్ళ మెదడు గురించి ఇప్పటికే చాలామంది పరిశీలించారట. అది తేలిగ్గా ఉన్నప్పుడు, మనిషి లేస్తూ, తింటూ, పనిచేసుకుంటూ ఉన్నప్పుడే లోపల ఏం జరుగుతుందో వీళ్ళు ఎమ్మారై మిషన్లో చూడాలనుకుంటున్నారట. అందుకు రెండు గుంపులు కావాలి. ఇప్పటిదాకా మాత్రలు వాడకుండా, దిగులు తేలిగ్గా ఉన్నవాళ్ళొక గుంపు. ఏ దిగులూ లేకుండా బాగున్నవాళ్ళు ఇంకో గుంపు.

ఒటీలియా తనంతట తానే వెళ్ళి తనని తీసుకుంటారా అని అడిగింది. మాత్రలు వాడుతోంది కాబట్టి కుదరదని మాగాలీ నొచ్చుకుంటూ చెప్పింది. వెనకాలే నీళ్ళు కారుతున్న టోపీతో అబెలార్దో వచ్చాడు.

"నా తల తీసుకోండమ్మా. ఎక్కువ వాడలేదు, కొత్తదాని కిందే లెక్క."

వరండా అంతా నవ్వింది. మాగాలీ కూడా నవ్వింది. "బాగున్నవాళ్ళ గుంపులో మీ వయసు మగవాళ్ళు దొరకడం లేదు దోన్ అబెలార్దో. ముందు కొన్ని ప్రశ్నలడగాలి, పర్లేదా?"

"అడగండి. పెళ్ళయిందా అని మటుకు అడక్కండి, ఆవిడ ఇక్కడే ఉంది."

ప్రశ్నల గది చిన్నది, మూల హీటరు ఉంది. తడిసిన ఉన్ని వాసన. అబెలార్దో కుర్చీ నిండా కూర్చున్నాడు.

"మీకు బాగా ఇష్టమైన పని ఏంటి?"

"చేపలు పట్టడం. నన్ను చూస్తే నదే భయపడి చేపల్ని దాచేసుకుంటుంది."

"ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"మొన్నీమధ్యే." అని ఆగాడు. "కాదు, అది మా బావమరిది నోల్బెర్తో వెళ్ళాడు. నేను... వంతెనకి రంగులేస్తున్నప్పుడు... కాదు, దానికీ ముందే."

"వెళ్ళకపోవడానికి కారణం?"

"పని ఉంటుంది కదమ్మా."

"ఎండాకాలం ఆదివారాల్లో కూడానా?"

"ఆదివారం పడుకుంటాను."

"బాగా నిద్రపోతారన్నమాట."

"పడుకుంటానన్నాను గానీ నిద్రపోతానన్నానా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో తనన్న మాట తనకే వినబడ్డట్టయి ఆగిపోయాడు.

మాగాలీ తొందరపెట్టలేదు. అతనే చెప్పాడు, తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుందనీ, పైకప్పు చూస్తూ ఉంటాననీ. "వయసు మీద పడ్డాక మగాళ్ళందరికీ ఇంతేగా?"

"అందరికీ కాదు. అప్పుడు ఏమాలోచిస్తారు?"

"ఏముంది ఆలోచించడానికి? బూట్లు వేసుకోవాలి కదా అనుకుంటాను."

"తర్వాత?"

"తర్వాతేం లేదు. బూట్ల గురించే. ముందు ఎడమది తొడగాలి, తాడు బిగించాలి, తర్వాత కుడిది. అదేదో కొండెక్కాల్సినట్టు..." చేతులు చూసుకున్నాడు. "నవ్వొచ్చేలా ఉంది కదూ."

మాగాలీ నవ్వలేదు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగా అడిగింది. లేదన్నాడు, నిజంగానే లేదు. తను పోతే కట్టెలు ఎవరు దింపుతారన్నాడు. ఆఖరికి ఆమె అడిగింది: "ఈమధ్య మీకు నిజంగా సంతోషం వేసిన సంగతి ఒకటి చెప్పండి."

జోకు కోసం నోరు తెరిచాడు. రాలేదు. "మా అమ్మాయికి పాప పుట్టింది, ఒసోర్నోలో," అన్నాడు.

"అప్పుడు సంతోషం వేసిందా?"

"అందరూ చాలా సంతోషించారు."

చెప్పి తలెత్తి చూస్తే మాగాలీ తనకేసి ఎంత జాగ్రత్తగా చూస్తోందంటే, చేతిలోంచి ఏదో గాజుసామాను జారుతుంటే చూసినట్టు చూస్తోంది.

కొన్ని రోజులకి ఫోన్ చేసి రమ్మన్నారు. ఈసారి మాగాలీ పక్కన డాక్టర్ రెనాతా కుంజ్ కూడా ఉంది. స్కాన్‌ల పని మొత్తం చూసేది ఆవిడే. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ముక్కుసూటిగా మాట్లాడే మనిషి.

"దోన్ అబెలార్దో, మిమ్మల్ని బాగున్నవాళ్ళ గుంపులో పెట్టలేం," అంది. "మీరు చెప్పినవన్నీ చూస్తే మీకు డిప్రెషన్ ఉంది. తేలికపాటిదే. చాలాకాలంగా ఉన్నట్టుంది. మీకిష్టమైతే రెండో గుంపులో చేరొచ్చు. ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు, మీ పేట ఆసుపత్రిలో చూపించుకోవడానికి మేమే ఏర్పాటు చేస్తాం."

అబెలార్దోకి మొదట ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక ఆవిడ మీద జాలేసింది.

"పేర్లు తారుమారయ్యుంటాయి డాక్టరమ్మా. ఆ జబ్బు మా ఆవిడది. ఒటీలియా. బర్రియెంతోస్ అని ఉంటుంది చూడండి."

"తారుమారు కాలేదు."

"నేను పనిలోకి పోతున్నాను! ఒక్క రోజు నాగా పెట్టలేదు. పేటలో ఎవర్నైనా అడగండి నా గురించి."

"అందుకే దాన్ని తేలికపాటిదంటాం," అంది మాగాలీ మెల్లగా. "అన్నీ చేస్తూనే ఉంటారు. మనసుకి ఏదీ తగలదు."

బయటికొచ్చి ట్రక్కెక్కాడు. ఒళ్ళంతా ఒక్కసారి చల్లబడిపోయింది. ఎవరో తన ఇంటి తలుపు తీసి, ఇది నీ ఇల్లు కాదు పొమ్మన్నట్టుంది. అద్దం మీద వాన కొడుతోంది. వైపర్లు వెయ్యడం కూడా మర్చిపోయి ఎంతసేపో అలాగే ఉండిపోయాడు.

ఒటీలియాకి చెప్పలేదు. కట్టెల షెడ్డులో నోల్బెర్తోకి చెప్పాడు. నోల్బెర్తో ఒటీలియా తమ్ముడు, వ్యాపారంలో భాగస్వామి. రంపం పళ్ళు నూరుతున్నాడు.

"ఒరేయ్, జోకు విన్నావా? యూనివర్సిటీ వాళ్ళు నాకు డిప్రెషన్ అంట. మీ అక్కది నాకంటించారు."

నోల్బెర్తో నవ్వుతాడని చూశాడు. వాడు ఆకురాయి పక్కన పెట్టాడు.

"వాళ్ళకి ఇప్పుడు తెలిసిందా బావా?"

"ఏంట్రా నువ్వనేది?"

"ఒక్కోసారి ఈ షెడ్డు ముందు ట్రక్కు ఆపి దిగకుండా కూర్చుంటావు. నేనిక్కడ సగం బండి దించినా నువ్వు దిగవు. దిగేటప్పుడు మాత్రం పెద్దగా పాడుకుంటూ దిగుతావు. నేను చూడటం లేదనుకున్నావా?"

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"ఏమని అడగను? అడిగితే జోకేస్తావు. నేను నవ్వుతాను. అక్కడితో అయిపోతుంది."

అబెలార్దోకి మండిపోయింది. పక్కనున్న దుంగని కాలితో తన్ని, వానలోకి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళేలోగా మాత్రం గట్టిగా నిర్ణయించుకున్నాడు. మిషన్లో పడుకుంటాడు. ఫోటో తీస్తారు. తల లోపల ఏముందో అందులో కనబడుతుంది కదా. ఏమీ లేదని అప్పుడు వాళ్ళే ఒప్పుకుంటారు.

ఒక చిక్కొచ్చింది. ఆ పరిశోధనలో, మనిషి మిషన్లో పడుకున్నప్పుడు అయినవాళ్ళ గొంతు వినిపిస్తారు. ముందుగానే ఆ అయినవాళ్ళని పిలిచి రెండు సంగతులు చెప్పించుకుంటారు. అతనిలో బాధపెట్టేది ఒకటి, మెచ్చుకునేది ఒకటి. ఆ మాటలు వింటుంటే మెదడులో ఎక్కడ ఏం కదులుతుందో చూస్తారు. అబెలార్దోకి ఒటీలియా కన్నా దగ్గరివాళ్ళు ఎవరున్నారు? ఆమెతో "బాగున్నవాళ్ళ గుంపులో తీసుకున్నారు" అని అబద్ధం చెప్పి తీసుకెళ్ళాడు.

ఆమె గదిలోకి వెళ్ళింది. తలుపేశారు. అబెలార్దో బయట నిలబడి చెవి వొగ్గాడు, ఏమీ వినబడలేదు. వచ్చాక ఆమె హ్యాండ్‌బ్యాగు గుండెలకి ఆనించుకుని ట్రక్కెక్కింది.

"ఏం చెప్పావే ముసలీ?"

"చెప్పకూడదన్నారు."

"బురద బూట్లతో వంటింట్లోకి వస్తానన్నావా?"

"చెప్పకూడదన్నారంటే వినవేం?"

"పోనీ గురక సంగతా?"

"రోడ్డు చూసి నడుపు ముసలాడా, ఆ కుక్క చచ్చేది."

స్కాన్ రోజు ముందు కంటికి ఎక్స్‌రే తీశారు. రంపాలు నూరేవాళ్ళ కళ్ళల్లో కంటికి కనబడని ఇనపరజను ఉండొచ్చట. ఆ అయస్కాంతం పక్కకి వెళ్తే ప్రమాదమట. ఏమీ లేదని తేలింది. "చూశారా, శుభ్రంగా ఉన్నాను," అన్నాడు అబెలార్దో. బెల్టు, గొలుసు, పెళ్ళి ఉంగరం అన్నీ తీయించారు. ఉంగరం ఎంతకీ రాకపోతే సబ్బు నీళ్ళు తెచ్చారు.

పడుకోబెట్టి తల చుట్టూ పంజరంలాంటిది బిగించారు. చేతికి రబ్బరు బంతి ఇచ్చి, భయమేస్తే నొక్కమన్నారు. సన్నటి సొరంగంలోకి బల్ల జారింది. కళ్ళ ముందు చిన్న అద్దం, అందులో ఒక తెర, తెర మీద తెల్లటి గుర్తు. మిషన్ మొదలైంది. ఇనుము మీద ఇనుము కొట్టినట్టు, తడి దుంగలో రంపం ఇరుక్కున్నట్టు మోత. అబెలార్దోకి ఆ మోత హాయిగానే ఉంది. ఇదేనా, రోజూ వినేదేగా అనుకున్నాడు.

చెవుల్లో ఒటీలియా గొంతు వచ్చింది.

"అబెలార్దో, నీ దగ్గర నన్ను బాధపెట్టేది ఒకటుంది. నువ్వు నా వెనక దాక్కుంటావు. పదిమందిలో నా మాత్రల మీద జోకులేస్తావు. అందరూ నన్ను చూసి జాలిపడతారు, నిన్నెవరూ చూడరు. నేను చూస్తాను. నవ్వించడం అయిపోయాక నీ మొహం ఎలా జారిపోతుందో చూస్తాను. మంచం మీద నా పక్కన మెలకువగా ఉండి, నిద్రపోతున్నవాడిలా ఊపిరి తీస్తావు. నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ అలాగే తీసేదాన్ని. ఈ ఇంట్లో దిగులుపడే హక్కు నా ఒక్కదానికే రాసిచ్చారా?"

బూట్ల గురించి కాదు. గురక గురించి కాదు. అబెలార్దో గుండెలో ఎవరో గొడ్డలి దింపినట్టయింది. లేచి కూర్చోబోయాడు, పంజరం నుదుటికి తగిలింది. కదలొద్దని స్పీకర్లోంచి ఎవరో అన్నారు. అబద్ధం చెప్పి తీసుకొచ్చిన భార్యకి మొదట్నుంచీ అంతా తెలుసు. నోల్బెర్తోకి తెలుసు. తెలియనిదల్లా తనొక్కడికే.

తెర మీది గుర్తు మారింది. మళ్ళీ ఆమె గొంతు.

"నీలో నాకు నచ్చేది చెప్తాను. నేను మంచం దిగలేని ఆ చలికాలం, నువ్వు పొయ్యి మీద నీళ్ళు కాచి, బేసిన్ తెచ్చి నా తల కడిగేవాడివి. కట్టెలు మోసే ఆ మొరటు చేతులతో, ఒక్క వెంట్రుక లాగకుండా. లే అనలేదు, నీకేమైందనలేదు. మా అమ్మే నన్ను విసుక్కుంది, నువ్వు విసుక్కోలేదు. నీలాంటి మనిషి ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు అబెలార్దో."

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. ఆ మాటలన్నీ అతనికి అర్థమయ్యాయి. అంచు పెచ్చులూడిన ఆ బేసిన్ కూడా కళ్ళకి కట్టింది. కానీ లోపల ఏమీ కదల్లేదు. ఎవరో మంచివాడి గురించి రేడియోలో చెబుతున్నట్టుంది. ఎవరో గానీ అదృష్టవంతుడు, పెళ్ళాం ఎంత మెచ్చుకుంటోంది అనుకున్నాడు. అనుకున్నాక, ఆ మనిషి తనేనని గుర్తొచ్చి భయంతో బిగుసుకుపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఇంత మాట ఎప్పుడూ అనలేదు. ఈ మాట కోసం ఒకప్పుడైతే నదికి అడ్డంగా ఈదేవాడు. ఇప్పుడు వచ్చి చెవిలో పడితే, తడి కట్టెకి అగ్గిపుల్ల చూపించినట్టు అంటుకోకుండా ఆరిపోయింది.

అవే మాటలు మళ్ళీ వేశారు. మళ్ళీ మళ్ళీ వేశారు. మొదటిది వేసిన ప్రతిసారీ కోసింది. రెండోదాని కోసం ప్రతిసారీ ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎదురుచూశాడు, ఈసారైనా తగులుతుందేమోనని. తగల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి అందదు. తల కదిలితే ఫోటో పాడవుతుందని అలాగే ఉన్నాడు. రబ్బరు బంతి మాత్రం నొక్కలేదు.

బయటికొచ్చాక డాక్టర్ రెనాతా నీళ్ళిచ్చింది. అబెలార్దో కంప్యూటర్ తెర దగ్గరికి నడిచాడు.

"చూపించండి. ఎక్కడుంది?"

బూడిదరంగులో తన తల అడ్డంగా కోసినట్టు కనిపిస్తోంది. అక్రోటు పప్పులా ఉంది.

"ఒక్క తలని చూసి ఇదిగో ఇక్కడుంది అని చెప్పలేం దోన్ అబెలార్దో. ఈ గుంపులో వాళ్ళవన్నీ, ఆ గుంపులో వాళ్ళవన్నీ కలిపి పోల్చి చూస్తే, ఏదైనా చిన్న తేడా ఉంటే అప్పుడు తెలుస్తుంది. అది కూడా కచ్చితమని చెప్పలేను. మీ తల ఒక్కటీ చూస్తే అందరి తలలాగే ఉంది. గడ్డలు లేవు, దెబ్బలు లేవు. మంచి తల."

అబెలార్దో ఈ మాట వినాలనే వచ్చాడు. ఇప్పుడు విని తట్టుకోలేకపోయాడు.

"అదేంటమ్మా! లోపల అంత జరిగితే... ఆవిడ అన్నేసి మాటలంటుంటే నాకు రాయిలా... అదేమీ ఇందులో పడలేదా?"

"ఏదో పడే ఉంటుంది. దాన్ని చదవడం మాకింకా సరిగ్గా రాదు."

"మరి నాకుందని ఎలా చెప్పారు?"

"మేం కాదు, ఈ ఫోటో కాదు," అంది రెనాతా. "మీరే చెప్పారు మాగాలీతో. బూట్ల సంగతి."

ఒటీలియా కింద ట్రక్కులో కూర్చుని ఉంది. అబెలార్దో ఎక్కి కూర్చున్నాడు గానీ బండి తియ్యలేదు. అవతల నదిలో, చేపల కోసం సముద్రం నుంచి వచ్చిన సీల్ లాంటి సముద్రసింహం ఒకటి తలెత్తి అరిచి మునిగిపోయింది.

"విన్నావా?" అంది ఒటీలియా.

"ఇంట్లో ఒకసారి చెబితే వినననేగా, వాళ్ళు మళ్ళీ మళ్ళీ వినిపించారు."

"జోకెయ్యకు."

"వెయ్యను." స్టీరింగు మీద చేతులు పెట్టి చెప్పాడు. "ఒటీలియా, నీకు అబద్ధం చెప్పాను. నేను బాగున్నవాళ్ళ గుంపులో లేను."

"తెలుసు."

"అది కాదు. ఇంకోటుంది. నువ్వు చెప్పిన మంచి మాట... తల కడగడం... అది వింటే నాకేమీ అనిపించలేదు. ఏమీ. నువ్వు తిట్టింది నొప్పెట్టింది, మెచ్చుకుంది మాత్రం ఎవరికో చెబుతున్నట్టుంది. నేనేం మనిషిని?"

ఆమెకి కోపమొస్తుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఒటీలియా అద్దంలోంచి వానని చూసింది.

"నువ్వు తల కడిగేటప్పుడు నాకూ ఏమీ అనిపించేది కాదు," అంది.

అబెలార్దో ఆమెకేసి తిరిగాడు.

"నీళ్ళు వెచ్చగా ఉన్నాయని కూడా తెలిసేది కాదు. నువ్వెందుకింత అవస్థపడుతున్నావా అనుకునేదాన్ని. ఎప్పుడు పోతావా అని చూసేదాన్ని. ఎంతో కాలం తర్వాత, బజార్లో కేకులమ్ముతుంటే, ఉత్తపుణ్యానికి అది గుర్తొచ్చింది. అప్పుడు తగిలింది. నిలబడలేక కింద కూర్చుండిపోయాను. పక్క కొట్టు చేపలామె నాకేదో అయిందని పరిగెత్తుకొచ్చింది."

ఆ చలికాలమంతా తను చేసింది ఒక్కటీ ఆమెకి చేరలేదా? తన చేతుల వల్లే లేచిందని ఇన్నేళ్ళూ లోలోపల గర్వపడ్డాడే!

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పను?" అంది. తర్వాత అతని మోకాలి మీద చెయ్యి వేసి, "బండి తియ్యి. చలేస్తోంది," అంది.

ఆ వారమే అబెలార్దో పేట ఆసుపత్రికి వెళ్ళాడు. అదే వరండా, అదే బెంచీ, నర్సులు జోకు కోసం ఎదురుచూశారు. "ఇవాళ నేనే పేషెంటుని," అన్నాడు. వాళ్ళు ఘొల్లున నవ్వారు. అతను నవ్వకపోయేసరికి ఒక్కొక్కరే ఆపారు. ఆ నిశ్శబ్దంలో నిలబడటం అతనికి లారీ కట్టెలు దించడం కన్నా కష్టమైంది.

అతనికి మాత్రలివ్వలేదు. మొదట మాట్లాడించి చూద్దామన్నారు. వారం వారం ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చోవాలి. రోజూ ఎంతో కొంత నడవాలి, మనసున్నా లేకపోయినా ఒకప్పుడు ఇష్టమైన పని ఒకటి చెయ్యాలి. నోల్బెర్తో బలవంతాన నదికి లాక్కెళ్ళాడు. అబెలార్దో గాలం పట్టుకుని మొద్దులా కూర్చున్నాడు. రెండోసారీ అంతే. "బావా, పోనీ చేపల్నైనా నవ్వించు," అంటే తిట్టాడు. ఆ తిట్టు విని నోల్బెర్తో సంతోషించాడు. వీధుల్లో అరుపులు తగ్గాయి. "ఏంటయ్యా, కట్టెలతో పాటు నోరు కూడా అమ్మేశావా?" అని ఆడవాళ్ళు దెప్పేవారు. ఒకామెకి నిజం చెప్పాడు. ఆవిడ కంగారుగా అటూ ఇటూ చూసి, అతన్ని వంటింట్లోకి లాగి, తలుపేసి, "మా ఆయన కూడా అలాగే ఉంటున్నాడు, ఎవరికీ చెప్పకు," అంది. ఆ తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. తను ఇన్నేళ్ళూ జోకులేసుకుంటూ తిరిగిన ఇళ్ళలో ఇంతమంది ఉన్నారా అని అతనికి మతిపోయింది.

డిసెంబరు వచ్చేసరికి కాస్త తెరిపినిచ్చింది. ఒసోర్నో వెళ్తే మనవరాలు అతని మీసం పట్టుకు లాగింది. నొప్పెట్టింది, నవ్వొచ్చింది. నవ్వు వచ్చిన తర్వాత మొహం జారిపోలేదని ఒటీలియా గమనించింది. పరిశోధన ఫలితాల గురించి మాగాలీని అడిగితే, ఇంకా లెక్కలు కడుతున్నామంది, ఇంకా చాలా తలలు కావాలంది.

అంతటితో అయిపోయిందని అబెలార్దో అనుకున్నాడు. మరుసటి చలికాలం, షెడ్డు నిండా ఎండు కట్టెలుండి, వ్యాపారం ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక పొద్దున మెలకువ వచ్చేసరికి పైకప్పు కనిపించింది. పక్కన బూట్లు కనిపించాయి. మళ్ళీ రాదని ఎవరూ మాటివ్వలేదు, అయినా ఎవరో మోసం చేసినట్టనిపించింది. నిద్రపోతున్నవాడిలా ఊపిరి తియ్యబోయి ఆపేశాడు.

"ఒటీలియా."

"ఊఁ."

"మళ్ళీ వచ్చింది."

ఆమె ఏమిటని అడగలేదు. చీకట్లో అతని చెయ్యి వెతికి పట్టుకుంది. కాసేపటికి లేచి, శాలువా కప్పుకుని, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించింది. మాతే టీకి కెటిల్ పెట్టి అక్కణ్ణుంచే కేకేసింది.

"లే ముసలాడా. బూట్లు వేసుకోకపోయినా పర్లేదు, మేజోళ్ళతో రా."